కర్ణభేరి వెనుక నీరు చేరడానికి బ్యాక్టీరియా కారణమా?

కాజీపేట నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. వారి పాపకు ఐదున్నరేళ్లు, యూకేజీ చదువుతోంది. దసరా సెలవుల్లో సర్ది పట్టి వారంలో తగ్గిపోయింది గానీ, అప్పటి నుంచి టీవీ సౌండు పెంచుకుంటోంది, వెనుక నుంచి పిలిస్తే పలకడం లేదు. నొప్పి లేదు, జ్వరం లేదు, చెవి కారడం లేదు. మొదట చూసిన డాక్టరు రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనుక నీరు ఉందని చెప్పి 10 రోజులకు యాంటీబయాటిక్ రాశారు. నీరు తగ్గలేదు. రెండో డాక్టరు మందులేమీ వద్దు, 3 నెలలు చూద్దాం అన్నారు. అందుకని ఆ తండ్రి అడుగుతున్నది: "ఈ నీటికి ఏ బ్యాక్టీరియా కారణం? ఆ నీరు కాస్త తీసి ల్యాబ్‌లో పరీక్షిస్తే పేరు తెలిసిపోతుంది కదా, దానికి సరిపడ్డ మందు వేస్తే అయిపోదా?"

హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తున్న నాకు ఈ ప్రశ్న చలికాలం మొదలైన దగ్గర నుంచి ఎదురవుతూనే ఉంటుంది. ఇద్దరు డాక్టర్లు ఒకరికొకరు విరుద్ధంగా మాట్లాడినట్లు మీకు అనిపించడం సహజమే. అయితే నీటిలో బ్యాక్టీరియా ఉందా అన్నది ఒక ప్రశ్న, ఉంటే యాంటీబయాటిక్ వాడాలా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి ఎక్కువమంది పిల్లల విషయంలో "ఉంది" అనీ, రెండోదానికి అదే పిల్లల విషయంలో "అక్కర్లేదు" అనీ జవాబు చెప్పవలసి వస్తుంది. ఈ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి ఎలా పొసగుతాయో చెప్పాలంటే ముందు ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

తలంటు పోసినప్పుడు చెవిలోకి నీళ్లు పోయాయనో, బోగత జలపాతం దగ్గర తడిసి వచ్చిన తర్వాతే ఇలా అయిందనో చాలామంది తల్లిదండ్రులు చెబుతారు. కర్ణభేరికి రంధ్రం లేనంతవరకు బయటి నీరు ఒక్క చుక్క కూడా దాన్ని దాటి లోపలికి పోలేదు. మధ్య చెవి అన్నది కర్ణభేరికి లోపలి వైపున గాలితో నిండి ఉండే చిన్న గది. బడిలో చదువుకున్న కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అనే మూడు చిన్న ఎముకలు ఉండేది అందులోనే. ఆ గదికి గాలి అందించేది ముక్కు వెనుక భాగం నుంచి వచ్చే యూస్టేషియన్ నాళం. మామూలుగా మూసుకుని ఉండే ఈ నాళం మనం గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు అంగిట్లోని ఒక కండరం లాగడం వల్ల క్షణకాలం తెరుచుకుంటుంది. పెద్దవాళ్లలో దీని పొడవు సుమారు 36 మిల్లీమీటర్లు, వాలు 45 డిగ్రీలు; పసిపిల్లల్లో పొడవు అందులో సగమే, వాలు 10 డిగ్రీలు మాత్రమే. అంటే చిన్నపిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా, మెత్తగా ఉండి, ముక్కు వెనుక ఉన్నదేదైనా చెవిలోకి సులువుగా పాకడానికి వీలిస్తుంది. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో ఈ కండరం సరిగ్గా పనిచేయదు కాబట్టి దాదాపు అందరి చెవుల్లోనూ నీరు చేరుతుంది.

ఈ నాళం సరిగ్గా తెరుచుకోకపోతే గదిలోని గాలిని లోపలి పొర పీల్చేసుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది, ఆ లోటును పూడ్చడానికి పొరలోంచి నీరు ఊరుతుంది. 19వ శతాబ్దంలో వియన్నాకు చెందిన ఆడం పోలిట్జర్ అనే చెవి వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన వివరణ ఇదే, అది చాలాకాలం నిలబడింది కూడా. ఆ వివరణ ప్రకారం ఈ నీటిలో క్రిములతో పని లేదు, అది శుద్ధమైన ఊట. ల్యాబ్‌లో కల్చర్ చేసినా (అంటే ప్లేటు మీద వేసి పెంచి చూసినా) ఎక్కువగా ఏమీ పెరిగేది కాదు కాబట్టి ఆ నమ్మకం ఇంకా బలపడింది. 1958లో అమెరికాలో సెంటూరియా బృందం ఈ నీటిని జాగ్రత్తగా పరీక్షించి, సుమారు 40 శాతం నమూనాల్లో బ్యాక్టీరియాను చూపించిన తర్వాతే అందరూ దీన్ని మళ్లీ ఆలోచించడం మొదలుపెట్టారు. పోలిట్జర్ చెప్పింది పూర్తిగా తప్పని నేను అనను. విమానం దిగిన తర్వాత పెద్దవాళ్ల చెవిలో చేరే నీటికి నేటికీ ఆ వివరణే సరిపోతుంది. పిల్లల విషయంలో మాత్రం అది సగం కథే.

ఇక మీరు అడిగిన పేర్లకు వస్తాను. ప్రపంచంలో ఎక్కడ పరీక్షించినా ఈ నీటిలో ముందుగా కనిపించేవి మూడు: హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే, స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, మొరాక్సెల్లా కటరాలిస్. రెండోదాన్ని వాడుకలో న్యుమోకాకస్ అంటారు. ఈ మూడూ బయటి నుంచి దండెత్తి వచ్చే శత్రువులు కావు, ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనుక భాగంలోనే కాపురం ఉంటాయి. బాలబడికి పోయే పిల్లలను వరుసగా నిలబెట్టి ముక్కులో దూది పుల్ల పెట్టి పరీక్షిస్తే వీటిలో ఏదో ఒకటి చాలామందిలో దొరుకుతుంది. జలుబు వైరస్ వచ్చి ముక్కు లోపలి పొరనూ యూస్టేషియన్ నాళం పొరనూ వాచేలా చేసినప్పుడు మాత్రమే వీటికి చెవిలోకి దారి దొరుకుతుంది. కాబట్టి మీ పాప విషయంలో మొదట తలుపు తీసింది దసరా నాటి సర్ది వైరస్, ఆ తలుపులోంచి లోపలికి పోయింది అప్పటికే అక్కడ ఉన్న బ్యాక్టీరియా.

హీమోఫిలస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే టీకాల కార్డు చేతిలో పట్టుకుని వచ్చే తల్లిదండ్రులు ఇక్కడే తికమక పడతారు. పేరు చూసి ఇది ఇన్‌ఫ్లుయెంజా జ్వరానికి సంబంధించినదని అనుకోవద్దు. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూ రోగుల్లో దీన్ని చూసి, ఫ్లూకు కారణం ఇదేనని పొరబడి ఆ పేరు పెట్టారు. ఫ్లూ వైరస్ మనుషుల్లో బయటపడింది 1933లో, కానీ తప్పు పేరు మాత్రం దీనికి అతుక్కుపోయింది. ఇందులో పైన గుల్లలాంటి కవచం ఉన్న రకాలు కొన్ని, కవచం లేని రకాలు కొన్ని. మన అంగన్‌వాడీల్లోనూ ఆసుపత్రుల్లోనూ 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలోని హిబ్ భాగం కవచం ఉన్న బి రకం మీద మాత్రమే పనిచేస్తుంది. పిల్లలను చంపే మెదడువాపును తెచ్చేది ఆ రకమే కాబట్టి ఆ టీకా అమూల్యమైనది. చెవిలో చేరేది మాత్రం ఎక్కువగా కవచం లేని రకం. దాని మీద ఆ టీకా ప్రభావం ఏమీ ఉండదు. "హిబ్ వేయించినం గదా సార్, మళ్ల హీమోఫిలస్ ఎట్లొచ్చింది?" అని ఒక తల్లి నన్ను నిలదీసింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు, రెండు వేర్వేరు జీవులకు ఒకే ఇంటిపేరు ఉండటమే తంటా.

న్యుమోకాకస్ విషయంలో టీకా కొంత ఉపకారం చేస్తుంది. మన దేశంలో దీని టీకాను 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021లో దేశమంతటికీ విస్తరించారు. 6వ వారం, 14వ వారం, 9వ నెల అని మూడు మోతాదులు. ఈ బ్యాక్టీరియాలో 100కు పైగా రకాలు ఉన్నాయి, టీకా వాటిలో కొన్నింటినే ఆపుతుంది, ఆగిన రకాల స్థానాన్ని మిగిలిన రకాలో, హీమోఫిలసో ఆక్రమించడం టీకా వేసిన దేశాల్లో చూశారు. అందుచేత న్యుమోనియా, మెదడువాపు తగ్గినంతగా చెవి జబ్బు తగ్గుతుందని ఆశించకూడదు.

మొరాక్సెల్లా ఈ మూడింటిలో నెమ్మదస్తురాలు. మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ల్యాబ్‌లో మా మేడం దీన్ని గుర్తుపట్టే ఉపాయం ఒకటి చూపించారు, అది ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. చాక్లెట్ అగార్ అనే గోధుమరంగు ప్లేటు మీద (అందులో చాక్లెట్ ఏమీ ఉండదు, వేడి చేసిన రక్తం వల్ల ఆ రంగు వస్తుంది) పెరిగిన తెల్లని బొడిపెను తీగ కొసతో నెడితే, అది చెదిరిపోకుండా, క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లినప్పుడు బిళ్ల జారినట్లు, గుండ్రంగా ఉన్నది ఉన్నట్లే పక్కకు జారింది. అలా జారితే అది మొరాక్సెల్లానే అని మాలో ఎవరూ మరచిపోలేదు. ఈ బ్యాక్టీరియా తీవ్రమైన జబ్బు తేవడం అరుదు. దానికి ఉన్న ఒక చెడ్డ గుణం, పెన్సిలిన్ జాతి మందులను ముక్కలు చేసే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమును దాదాపు ప్రతి మొరాక్సెల్లా తయారు చేసుకోవడం. హీమోఫిలస్‌లో కొన్ని కూడా దాన్ని చేసుకుంటాయి. న్యుమోకాకస్ చేసుకోదు, అది మందు అతుక్కునే చోటునే మార్చుకుని తప్పించుకుంటుంది. చెవిపోటుకు రాసే సీసాలో ఒక్కోసారి అమాక్సిసిలిన్ మాత్రమే, ఒక్కోసారి ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులానేట్ కలిసి ఉండటానికీ, ఒక్కోసారి మోతాదు ఎక్కువగా రాయడానికీ కారణం ఈ తేడాలే.

ఈ మూడూ కాక మరికొన్ని పేర్లు కూడా వ్యాసాల్లో మీకు కనిపిస్తాయి. అల్లోయికాకస్ ఒటైటిడిస్ అనే దాన్ని 1989లో పిల్లల చెవి నీటిలో మొదటిసారి గుర్తించారు. అది పెరగడానికి చాలా రోజులు పడుతుంది, మామూలు ల్యాబ్‌లో రెండు రోజులకే ప్లేటు పారేస్తారు కాబట్టి ఎవరికీ కనిపించలేదు. జన్యు పరీక్షలు వచ్చిన తర్వాత చాలా నమూనాల్లో దొరకడంతో అసలు దోషి ఇదేనని కొందరు అన్నారు. అయితే అది ఆరోగ్యవంతుల బయటి చెవి గొట్టంలో కూడా ఉంటుంది. సూది బయటి గొట్టం గుండానే లోపలికి పోవాలి కనుక, పోయేటప్పుడు అంటుకున్నదేమో అన్న అనుమానం తీరలేదు. నా మట్టుకు నేను దాన్ని సాక్షిగానే చూస్తాను గానీ ముద్దాయిగా చూడను. స్టెఫిలోకాకస్ కూడా అలాంటిదే. సూడోమొనాస్ అన్నది వేరే జబ్బుకు సంబంధించినది: కర్ణభేరికి చిల్లు పడి, ఏళ్ల తరబడి కంపు కొడుతూ కారే చెవిలో అది ఉంటుంది, మూసి ఉన్న కర్ణభేరి వెనుక నీటిలో కాదు. మన దేశంలో క్షయను కూడా ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి. నొప్పి లేకుండా చెవి కారుతూ, కర్ణభేరికి ఒకటికి మించి చిల్లులు పడి, వినికిడి మామూలుగా పోవలసినదానికంటే ఎక్కువ పోయి, ఏ మందుకూ లొంగకపోతే అప్పుడు క్షయ పరీక్షలు చేయిస్తాం. మీ పాపకు ఆ లక్షణాలు ఏవీ లేవు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఈ బ్యాక్టీరియా నీటిలో ఉంటే కల్చర్‌లో ఎందుకు పెరగదు? 1995లో పిట్స్‌బర్గ్‌లో గ్రామెట్ (గదిలోకి గాలి ఆడేందుకు కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టం) ఆపరేషన్లు జరిగిన పిల్లల నుంచి తీసిన 97 నమూనాలను కల్చర్‌తోనూ, బ్యాక్టీరియా డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్షతోనూ చూశారు. కల్చర్‌లో పై మూడింటిలో ఏదో ఒకటి పెరిగింది 29 శాతంలో. పీసీఆర్‌లో దొరికింది 77 శాతంలో. అది చచ్చిన బ్యాక్టీరియా తాలూకు డీఎన్‌ఏ మాత్రమేనని వెంటనే ఆక్షేపణ వచ్చింది. సమంజసమైన ఆక్షేపణే. అందుకని 1998లో అదే వర్గం ఎంఆర్‌ఎన్‌ఏను వెతికింది. ఎంఆర్‌ఎన్‌ఏ నిమిషాల్లో చెడిపోయే పదార్థం, బతికి పనిచేస్తున్న కణంలో తప్ప నిలవదు. కల్చర్‌లో పెరగని నమూనాల్లో కూడా హీమోఫిలస్ ఎంఆర్‌ఎన్‌ఏ దొరికింది. అంటే బ్యాక్టీరియా బతికే ఉంది, కానీ ప్లేటు మీదికి రావడానికి ఒప్పుకోవడం లేదు.

ఎందుకు ఒప్పుకోదో తెలిసింది 2006లో. గ్రామెట్ వేయించుకుంటున్న 26 మంది పిల్లల మధ్య చెవి లోపలి పొర నుంచి చిటికెడు ముక్కలు తీసి ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, 50 ముక్కల్లో 46 ముక్కల మీద బ్యాక్టీరియా గుంపులుగా, జిగట పొర కప్పుకుని అంటిపెట్టుకుని ఉన్నాయి. పోలిక కోసం కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే పరికరం) ఆపరేషన్ చేయించుకుంటున్న 8 మంది చెవుల నుంచి తీసిన ముక్కల్లో అలాంటిదేమీ లేదు. ఈ జిగట పొరను బయోఫిల్మ్ అంటారు. తెలుగులో దీనికి కొత్త మాట వెతకనక్కర్లేదు, మనకు "పాచి" అన్న మాట ఉంది. పొద్దున్నే పళ్ల మీద ఉండే పాచి అచ్చంగా బయోఫిల్మే. భద్రకాళి చెరువు మెట్ల మీద కాలు జారేది కూడా అలాంటి పొర మీదే. చెరువులో నీళ్లు బిందెడు ముంచి వడగట్టి చూస్తే పాచి కనబడదు, ఎందుకంటే అది నీటిలో లేదు, మెట్టును పట్టుకుని ఉంది. చెవి నీటిని సూదితో లాగి ల్యాబ్‌కు పంపితే జరిగేది అదే.

ఈ పాచి లోపల బతికే బ్యాక్టీరియా స్వభావం కూడా మారిపోతుంది. అవి నెమ్మదిగా పెరుగుతాయి, తక్కువ తింటాయి. మన యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వేగంగా పెరుగుతున్న కణాన్ని దెబ్బతీసేలా తయారైనవి కాబట్టి నిద్రపోతున్నట్లున్న ఈ కణాల మీద వాటి దెబ్బ సరిగ్గా పడదు. పైగా ఆ జిగట పొర మందునూ, మన రక్తంలోని రక్షక కణాలనూ బయటే ఆపుతుంది. మూడు నాలుగు రోజుల జ్వరంతో, భరించలేని పోటుతో వచ్చే చెవి జబ్బులో అదే బ్యాక్టీరియా నీటిలో స్వేచ్ఛగా తేలుతూ వేగంగా పెరుగుతుంది, అప్పుడు అదే యాంటీబయాటిక్ చక్కగా పనిచేస్తుంది. మీ పాపకు వేసిన 10 రోజుల మందు పనిచేయకపోవడానికి డాక్టరు తప్పు మందు రాయడమో, కంపెనీ నాసిరకం కావడమో కారణమని అనుకోనక్కర్లేదు.

దీనికి తోడు ఇంకొక విషయం ఉంది, నాకు ఇది అన్నింటికంటే ముఖ్యమైనదిగా తోస్తుంది. చచ్చిన బ్యాక్టీరియా కూడా నీరు ఊరిస్తుంది. వేడితో చంపిన న్యుమోకాకస్‌ను జంతువుల మధ్య చెవిలోకి ఎక్కించినా నీరు చేరినట్లు ప్రయోగాల్లో చూశారు. హీమోఫిలస్, మొరాక్సెల్లాల పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం బ్యాక్టీరియా పోయిన తర్వాత కూడా మిగిలి ఉండి, చెవి లోపలి పొరను రెచ్చగొడుతూనే ఉంటుంది. ఆ రెచ్చగొట్టడానికి జవాబుగా పొరలో చీమిడి తయారు చేసే కణాలు పెరిగి, ఎంయూసీ5బీ అనే జిగట ప్రొటీన్‌ను విపరీతంగా ఉత్పత్తి చేస్తాయి. మొదట్లో పలచగా, లేత పసుపు రంగులో ఉన్న నీరు వారాలు గడిచేకొద్దీ చిక్కబడి జిగురుగా మారేది అందుకే. ఆపరేషన్ థియేటర్‌లో కర్ణభేరికి ముందు కింది భాగంలో రెండు మిల్లీమీటర్ల గాటు పెట్టి సన్నని సక్షన్ గొట్టం ఆనిస్తే, ఒక్కోసారి ఏమీ రాదు; గొట్టం మూసుకుపోయిందేమోనని బయటికి లాగితే దాని కొసను పట్టుకుని, తుమ్మబంక తీగ సాగినట్లు, బూడిదరంగు జిగురు చెవి బయటి దాకా సాగుతూ వస్తుంది, తెగదు. ఒకసారి దాన్ని చూసినవాళ్లెవరూ ఏ సిరప్పో దీన్ని కరిగిస్తుందని నమ్మలేరు.

ముక్కు వెనుక, యూస్టేషియన్ నాళం నోటి పక్కనే అడినాయిడ్స్ అనే కండ ఉంటుంది. అది పెద్దదై నాళాన్ని నొక్కడం వల్ల నీరు చేరుతుందని పూర్వం అనుకునేవాళ్లం. ఇప్పుడు దాని పరిమాణం కంటే దాని ముడతల్లో పేరుకున్న బ్యాక్టీరియాకే ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నాం. చెవిలో దొరికే ఆ మూడే అక్కడా పాచి కట్టి ఉంటాయి. చిన్న అడినాయిడ్స్ ఉన్న పిల్లలకు కూడా దాన్ని తీసేస్తే చెవి బాగుపడటం చూసిన తర్వాత ఈ వివరణ నాకు నచ్చింది.

మరి నీరు తీసి పరీక్షించడం ఎందుకు వద్దంటున్నానో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. ఐదేళ్ల పాపకు మత్తు ఇచ్చి, కర్ణభేరికి గాటు పెడితేనే ఆ నీరు దొరుకుతుంది. దొరికినా చాలాసార్లు "ఏమీ పెరగలేదు" అన్న రిపోర్టు వస్తుంది. పెరిగినా పైన చెప్పిన మూడింటిలో ఒకటి అవుతుంది. ఏది అయినా వైద్యం మారదు. ముక్కులోంచి దూది పుల్లతో తీసిన నమూనా ఇంకా నిరుపయోగం, అక్కడ ఈ బ్యాక్టీరియా ఎలాగూ ఉంటుంది. చెవి వెనుక ఎముక వాచి చెవి ముందుకు తోసుకొచ్చినప్పుడు, నెల కూడా నిండని పసిబిడ్డకు జబ్బు చేసినప్పుడు, క్యాన్సర్ మందుల వంటి వాటితో రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు, తీవ్రమైన చెవిపోటు రెండు రకాల మందులకు లొంగనప్పుడు మాత్రం నీరు తీసి కల్చర్ చేయించడం తప్పనిసరి.

యాంటీబయాటిక్ వల్ల బొత్తిగా ఉపయోగం లేదని చెప్పడం కూడా నిజాయితీ కాదు. వివిధ దేశాల్లో జరిగిన పరీక్షలన్నింటినీ కలిపి చూస్తే, మందు వాడిన పిల్లల్లో రెండు మూడు నెలలకు నీరు తగ్గినవారు కొంచెం ఎక్కువగానే ఉన్నారు. కానీ వినికిడిలో తేడా కనిపించలేదు, విరేచనాలు, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు మాత్రం ఎక్కువయ్యాయి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నేనూ ఒకదాని తర్వాత ఒకటి రాసేవాడిని. పరకాల వైపు నుంచి వచ్చే ఒక బాబుకు మూడు నెలల్లో నాలుగు కోర్సులు రాశాను. నాలుగోసారి వాడు విరేచనాలతో నీరసించి సెలైన్ ఎక్కించుకోవలసి వచ్చింది, చెవిలో నీరు ఉన్న చోటే ఉంది. వాడి నాయనమ్మ నన్నేమీ అనలేదు, "బిడ్డ చెవికి మందిచ్చినవ్ సారూ, కడుపు పాడైంది" అని మాత్రం అంది. 2016లో అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం సవరించిన మార్గదర్శకాలు కూడా ఈ నీటికి యాంటీబయాటిక్, స్టెరాయిడ్, అలర్జీ మాత్రలు, ముక్కు దిబ్బడ మందులు ఏవీ వాడవద్దనే చెబుతున్నాయి. స్టెరాయిడ్ సిరప్ మీద 2018లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద పరీక్షలో కూడా చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.

మందు లేకుండా తగ్గుతుందా అన్నది మీ భయం. తీవ్రమైన చెవిపోటు వచ్చి తగ్గిన పిల్లలను బోస్టన్‌లో వరుసగా గమనించినప్పుడు, రెండు వారాలకు 70 శాతం మంది చెవుల్లో నీరు ఇంకా ఉంది, నెలకు 40 శాతం, రెండు నెలలకు 20 శాతం, మూడు నెలలకు 10 శాతం. 3 నెలలన్న గడువు ఇలాంటి లెక్కల నుంచి వచ్చింది గానీ డాక్టరు దాటవేయడానికి చెప్పింది కాదు. మూడు నెలలు దాటి రెండు చెవుల్లోనూ నీరు నిలిచిపోతే మాత్రం అది తనంతట తాను పోయే అవకాశం బాగా తగ్గిపోతుంది, అప్పుడు ఊరికే చూస్తూ కూర్చోవడం సరికాదు.

ఈలోపు ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నాయి. ఎల్లిపాయ వేసి కాచిన మంచినూనె చెవిలో పోయకండి; కర్ణభేరి మూసి ఉంటే అది నీటిని చేరదు, చిల్లు ఉంటే మధ్య చెవిలోకి పోయి చీము పట్టిస్తుంది. ఇంట్లో బీడీ, సిగరెట్టు తాగేవాళ్లుంటే బయటికి పంపండి, ఆ పొగ నాళం లోపలి సన్నని వెంట్రుకలను మొద్దుబారుస్తుంది. ముక్కుతో ఊది ఉబ్బించే ప్రత్యేకమైన బెలూన్ ఒకటి దొరుకుతుంది. నాలుగేళ్లు దాటిన పిల్లల మీద 2015లో బ్రిటన్‌లో జరిపిన పరీక్షలో దానితో కొంత మేలు కనిపించింది. మీ పాప వయసుకు సరిపోతుంది, సర్ది లేని రోజుల్లో రోజుకు మూడుసార్లు ఊదించండి. అన్నింటికంటే ముందు బడికి వెళ్లి టీచరుతో మాట్లాడండి. ఈ నీటి వల్ల సాధారణంగా 25 డెసిబెల్ల దాకా వినికిడి తగ్గుతుంది, అంటే రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని పాఠం వినడం లాంటిది. మాట వినబడుతుంది, మాటలోని స, త, క వంటి సన్నని హల్లులు జారిపోతాయి. అలాంటి పిల్లను పరధ్యానం అని, మొండి అని తిట్టడం నేను చాలా చూశాను. ముందు బెంచీలో, టీచరు ముఖం కనబడేలా కూర్చోబెడితే చాలా వరకు సర్దుకుంటుంది.

పెద్దవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. సర్ది లేకుండా ఒకే చెవిలో నీరు చేరి వారాల తరబడి తగ్గకపోతే బ్యాక్టీరియా గురించి ఆలోచించే ముందు ముక్కు వెనుక భాగాన్ని ఎండోస్కోపుతో చూపించుకోవాలి, అక్కడ గడ్డ ఏదైనా ఉంటే మొదట కనిపించే లక్షణం ఒక్కోసారి ఇదే.

మళ్లీ మీ పాప దగ్గరకు వస్తే, దసరా నుంచి లెక్కేస్తే సంక్రాంతి సెలవుల నాటికి 3 నెలలు నిండుతాయి. మధ్యలో జ్వరం, చెవిపోటు, చెవి కారడం, చెవి వెనుక వాపు, నడుస్తూ తూలడం వంటివి వస్తే ఆగకుండా చూపించండి, అప్పుడు యాంటీబయాటిక్ ఇవ్వడంలో నాకేమీ సందేహం ఉండదు. ఏమీ రాకపోతే సంక్రాంతి సెలవుల్లో టింపనోమెట్రీ (కర్ణభేరి ఎంత కదులుతోందో కాగితం మీద గీతగా చూపే పరీక్ష), వినికిడి పరీక్ష రెండూ మళ్లీ చేయించండి. అప్పటికీ రెండు చెవుల్లో నీరు ఉండి వినికిడి తగ్గే ఉంటే గ్రామెట్ అనే చిన్న గొట్టం వేసి, నాలుగేళ్లు దాటింది కాబట్టి అడినాయిడ్స్ కూడా తీయడం గురించి మీ డాక్టరుతో మాట్లాడవచ్చు. గ్రామెట్ జిగురును లాగేసి ఊరుకోదు, గదిలోకి గాలిని రానిస్తుంది. గాలి తగిలిన పొర చీమిడి కణాలను తగ్గించుకుని మామూలు స్థితికి వస్తుంది, పాచికి అక్కడ బతుకు కష్టమవుతుంది. గొట్టం ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు తనంతట తాను ఊడిపోతుంది. పోయేటప్పుడు దసరా తర్వాత తీసిన టింపనోమెట్రీ కాగితం వెంట తీసుకెళ్లండి. దాని మీద గుట్టలా లేవవలసిన గీత ఇప్పుడు బల్లపరుపుగా ఉంటుంది. కొత్త కాగితాన్ని దాని పక్కన పెట్టి చూస్తే ఆ గీత కొంచెం లేచిందో లేదో డాక్టరుకే కాదు, మీకూ తెలిసిపోతుంది.